తక్కువ ఖర్చుతో న్యూజీలాండ్ – నాలుగో పాఠం: కొండల్లో రాత్రి బస

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. పది రోజుల ఖర్చును తిండి, ప్రయాణం, పడక అని మూడు గళ్ళలో వేయమన్నాను. వేసి చూసినవారికి అసలు దొంగ ఎవరో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. తిండి వండుకోవచ్చు, ప్రయాణం తగ్గించుకోవచ్చు, పడక మాత్రం రోజూ కావాలి. అక్కడి వేసవిలో, అంటే మన శీతకాలంలో, క్వీన్స్‌టౌన్ లాంటి ఊళ్ళో హాస్టల్ మంచం అడిగితే, ఆ ధరకు పక్కనున్న చెరువు కూడా రాసిస్తారేమో అనిపిస్తుంది. ఆ గడిని తగ్గించే విద్య ఈ పాఠంలో నేర్చుకుందాం.

న్యూజీలాండ్ కొండల్లో, అడవుల్లో ప్రభుత్వం చూసుకునే బసలు 950కి పైగా ఉన్నాయి. వాటిని అక్కడ హట్ అంటారు. చూసుకునేది డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్సర్వేషన్, అంటే ప్రకృతి సంరక్షణ శాఖ, అక్కడివారి నోట ‘డాక్’. సంపన్న దేశం ఇంత చౌకగా ఇన్ని ఇళ్ళు ఎందుకు కట్టి పెట్టిందని నాకు మొదట్లో అనుమానం కలిగింది. కారణం జింకలు. 19వ శతాబ్దంలో వలస వచ్చినవారు వేట సరదా కోసం ఎర్ర జింకలను తెచ్చి వదిలారు. వాటిని తినే మృగం ఆ దీవుల్లో లేదు. అవి పెరిగి పెరిగి అడవిని మేసేస్తుంటే, ప్రభుత్వమే జీతమిచ్చి వేటగాళ్ళను పెట్టింది. 1950, 60 దశకాల్లో అటవీ శాఖ వాళ్ళకోసం లోయ లోయకూ చిన్న చిన్న హట్లు కట్టించింది. 1987లో డాక్ ఏర్పడ్డాక అవి దాని చేతికొచ్చాయి. వేటగాళ్ళ మంచాలపై ఇప్పుడు మనం పడుకుంటున్నాం.

హట్లన్నీ ఒక్కటి కావు. ఇక్కడే కొత్తవారు డబ్బు పోగొట్టుకుంటారు. అన్నిటికన్నా కింది మెట్టు ‘బేసిక్’: కప్పు, గోడలు, అదృష్టం బాగుంటే మంచం. రుసుము లేదు. తర్వాతది ‘స్టాండర్డ్’: పరుపులు, నీళ్ళు, మరుగుదొడ్డి ఉంటాయి. ఆపైన ‘సర్వీస్డ్’: వీటితోపాటు చలి కాచుకునే పొయ్యి, దానికి కట్టెలో బొగ్గో ఉంటాయి. స్టాండర్డ్, సర్వీస్డ్ హట్లకు టిక్కెట్లు కొనాలి, ధర రెండంకెల డాలర్లను దాటదు. నెలల తరబడి తిరిగేవారికి హట్ పాస్ ఉంది. నాలుగైదు రాత్రులే గడిపేవారు పాస్ కొనకుండా టిక్కెట్లతో సరిపెట్టుకోవడమే లాభం.

అన్నిటికన్నా పై మెట్టు ‘గ్రేట్ వాక్’ హట్లు, అంటే డాక్ ఆ పేరుతో నడిపే ప్రసిద్ధ నడక దారుల్లోనివి. పాస్ ఉన్నా సీజన్‌లో ఇక్కడ చెల్లదు. ప్రపంచమంతా పేరు విన్న మిల్‌ఫర్డ్ ట్రాక్ ఈ జాబితాలోదే. దాని పొడవు 53.5 కిలోమీటర్లు. అక్టోబర్ చివరినుంచి ఏప్రిల్ చివరిదాకా సాగే సీజన్‌లో సొంతంగా నడిచేవారికి రోజుకు 40 మందికే అనుమతి. టెంట్ వేయనివ్వరు, మూడు రాత్రులూ హట్లలోనే గడపాలి, విదేశీయుడైతే ఒక్కో రాత్రికి 100 న్యూజీలాండ్ డాలర్లకు పైనే. సీజన్ దాటితే ధర బాగా పడిపోతుంది నిజమే. కానీ అప్పుడు అక్కడ మంచుచరియలు విరిగిపడతాయి, కొన్ని వంతెనలు తీసేస్తారు. ధర చూసి అక్కడి శీతకాలంలో మిల్‌ఫర్డ్‌కు బయలుదేరేవారిని నేను పొదుపరులనను.

గ్రేట్ వాక్‌లను పక్కన పెట్టినా అందానికి లోటేమీ లేదు. ఉదాహరణకు దక్షిణ దీవి ఉత్తరాన, నెల్సన్ లేక్స్ జాతీయ ఉద్యానవనంలోని ట్రావర్స్–సబీన్ చుట్టుదారి తీసుకుందాం. సుమారు 80 కిలోమీటర్లు. సెయింట్ ఆర్నాడ్ అనే చిన్న ఊరి దగ్గర మొదలై అక్కడికే తిరిగొస్తుంది, కాబట్టి వాహనం కోసం రెండుసార్లు తంటాలు పడక్కర్లేదు. సరుకులు మాత్రం నెల్సన్‌లోని పెద్ద దుకాణంలోనే కొనుక్కోండి.

కాగితం మీద ఎడమవైపు రాత్రులు, కుడివైపు హట్లు రాయండి. మొదటి రాత్రి రొటోయిటి సరస్సు కొసన లేక్‌హెడ్. రెండోది అప్పర్ ట్రావర్స్. మర్నాడు 1,787 మీటర్ల ట్రావర్స్ కనుమ దాటి దిగితే వెస్ట్ సబీన్. అక్కడ రెండు రాత్రులు ఉండండి. మధ్య రోజున బరువంతా హట్‌లో వదిలి బ్లూ లేక్ దాకా వెళ్ళిరండి. అక్కడి మూలవాసులైన మావోరీల భాషలో దాని పేరు రొటోమైరెఫెనువా. ప్రపంచంలో అత్యంత స్వచ్ఛమైన మంచినీటి సరస్సుల్లో ఒకటి, నీటిలో 70 మీటర్లకు మించి చూపు ఆనుతుందని శాస్త్రజ్ఞులు కొలిచారు. మావోరీలకు అది పవిత్రం. అందులో దిగకూడదు, చేయి ముంచకూడదు, సీసా నింపకూడదు. ఐదో రాత్రి రొటోరోవా సరస్సు ఒడ్డున సబీన్ హట్, ఆరో రోజు స్పియర్‌గ్రాస్ మీదుగా బయటికి. దారికి కాస్త పైన ఉన్న ఏంగిలస్ హట్‌ను చేర్చుకోవాలనిపిస్తే వేసవిలో ముందే బుక్ చేసుకోవాలి. టిక్కెట్ ఉన్నంతమాత్రాన మంచం మీకే దక్కుతుందని కాదు, బుకింగ్ లేని హట్లలో ముందు చేరినవారిదే పరుపు. బయలుదేరే ముందు ప్రతి హట్‌కూ డాక్ వెబ్‌సైట్‌లో ఉన్న పేజీ ఒకసారి చూడండి, నియమాలు మారుతుంటాయి.

ఇప్పుడు బరువు లెక్క. పొడి సరుకైతే మనిషికి రోజుకు 600 నుంచి 800 గ్రాములు చాలు: ఓట్స్, పాలపొడి, నూడుల్స్, ఎర్ర కందిపప్పు, వేరుశనగ వెన్న. ఆరు రోజులకు నాలుగు కిలోల పైమాట. కానీ ఆరు రోజులకు ఏడు రోజుల తిండి మోయాలి, ఇందులో మినహాయింపు లేదు. నేనిది చదివి నేర్చుకోలేదు. మొదటి యాత్రలో గ్రాము గ్రాము లెక్కేసి సరిగ్గా నాలుగు రోజులకే సర్దుకున్నాను. మూడో రాత్రి కురిసిన వానకు పొద్దున్నే ఏరు గోధుమరంగులో ఉరుకుతోంది. దాటలేక హట్‌లోనే కూర్చున్నాను. అదే హట్‌లో ఉన్న ఒక వృద్ధ దంపతులు నా గిన్నెలో అన్నం పెడుతూ ఒకప్పుడు నీట మునిగి చావడాన్ని ‘న్యూజీలాండ్ చావు’ అనేవారని చెప్పారు. తిన్నది అరగడానికి చాలాసేపు పట్టింది. అక్కడి ఏర్లు గంటల్లో పొంగుతాయి, వాన ఆగితే అంత త్వరగానూ తగ్గుతాయి. వేచి చూడటానికి కావలసింది ధైర్యం కాదు, ఒక రోజు తిండి.

చాలా హట్లలో వంటకు పొయ్యి ఉండదు. చిన్న గ్యాస్ స్టవ్ మీరే మోయాలి. గ్యాస్ డబ్బా విమానంలోకి రానివ్వరు, దిగాక కొనుక్కోండి. తాగే నీళ్ళు మరిగించండి, జియార్డియా అనే సూక్ష్మజీవి వల్ల కడుపు పాడైతే యాత్ర అక్కడితో సరి. బూట్లు బయటే విప్పాలి, అయితే నేలమీద వదలొద్దు. కియా అనే కొండ చిలుక వాటిని చీల్చి చూడకుండా ఉండలేదు. మేకుకు ఎత్తుగా తగిలించండి.

హట్‌లో ఒక పుస్తకం ఉంటుంది. చేరగానే పేరు, తేదీ, తర్వాత ఏ హట్‌కు వెళ్తారో రాయండి. అక్కడ పడుకోకుండా దాటిపోతున్నా రాయండి. లోయల్లో ఫోను పలకదు. మీరు తప్పిపోతే వెతికేవారికి దొరికే మొదటి ఆధారం ఆ రాతే. ఊళ్ళో ఒకరికి మీ దారి, తిరిగొచ్చే తేదీ చెప్పి వెళ్ళడం, అత్యవసర సంకేతం పంపే బీకన్ అద్దెకు తీసుకోవడం కూడా ఖర్చుల జాబితాలో వేసుకోండి. పొదుపు పేరుతో బీకన్‌ను కొట్టేయకండి. కావాలంటే ఒక కాఫీని కొట్టేయండి.

దారి బోర్డులు దూరం కాదు, సమయం చెబుతాయి. వాటిని మొదటి రోజు నమ్మకండి. బోర్డు మూడు గంటలంటే మీకు ఎంత పట్టిందో చూసుకుని, ఆ నిష్పత్తిని మిగతా రోజులకు వాడండి. నాకు ఎప్పుడూ నాలుగు పడుతుంది, సిగ్గుపడటం మానేశాను.

అభ్యాసం: లూయిస్ కనుమ దగ్గరి సెయింట్ జేమ్స్ వాక్‌వే తీసుకోండి, సుమారు 65 కిలోమీటర్లు. ఉచితంగా దొరికే 1:50,000 టోపో పటం (ఎత్తుపల్లాలు చూపేది) తెరిచి దారిలోని హట్లు గుర్తించండి. ఒక్కో హట్ ఏ తరగతిదో, టిక్కెట్ ఎంతో చూసి రాత్రుల పట్టిక వేయండి. ఏరు పొంగితే ఎక్కడ ఆగుతారో పటం మీద చుక్క పెట్టండి. తిండి బరువు రాయండి, ఒక రోజు అదనం మరవకుండా. ఈ దారి మొదలు, చివర రెండూ ఏడో నంబరు రహదారి మీదే ఉన్నాయి. దానివల్ల ప్రయాణపు గడిలో ఏం మిగులుతుందో కూడా ఆలోచించి పెట్టుకోండి. ఐదో పాఠం రెండు ప్రధాన దీవుల మధ్యనున్న కుక్ జలసంధి దాటడం గురించి, ఆ పట్టికతోనే మొదలుపెడతాం.