డ్రాగన్ జాతిని అల్లడం – 4వ పాఠం: మంద ఎందుకు విడిపోదు?

పోయిన పాఠంలో మన కథ కోసం కల్పించుకున్న డ్రాగన్ జాతి ఇప్పరెక్కకు ఒళ్ళు గీసుకున్నాం. పెద్దది 30 కిలోలు, శీతల రక్తం, పూలూ పళ్ళూ ఆకులూ తిండి, మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డు అడవి దాని ఇల్లు. ఇక దాని కాపురం చూద్దాం.

"ఇవి చాలా సాధువులు, కలిసిమెలిసి ఉంటాయి" అని నోట్‌బుక్‌లో రాసుకుని ఉంటే ఆ వాక్యం కొట్టేయండి. సాధుగుణానికి ఒంట్లోనే కారణం చూపించాలి. లేకపోతే పదో పేజీలో కథకు అవసరం పడగానే ఆ జంతువు కరుస్తుంది, చదివేవాళ్ళకు నమ్మకం పోతుంది.

ముందు తిండి లెక్క వేయండి. 30 కిలోల మేకకు రోజుకు సుమారు కిలో ఎండు మేత కావాలి. అదే బరువున్న శీతల రక్త జంతువు ఒంటి వేడి కోసం తిండి ఖర్చు చేయదు, దానికి దాదాపు పదో వంతు చాలు. అంటే 100 గ్రాములు. పచ్చి ఇప్పపువ్వులో నీరే ఎక్కువ కాబట్టి అరకిలో పువ్వు అనుకోండి. మందలో 12 పెద్దవి ఉంటే ఆరు కిలోలు. పొద్దు పొడవకముందే గంప పట్టుకుని చెట్టు కిందికి వచ్చే మనిషితో వాటికి పేచీ ఉండదు. వేడి రక్తం ఇచ్చారంటే అదే మంద రోజుకు 60 కిలోలు మింగుతుంది, వారంలోపే ఊరు కర్రలు పట్టుకుని వస్తుంది.

తర్వాత రెక్క. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పొడవు రెండింతలైతే రెక్క వైశాల్యం నాలుగింతలే పెరుగుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. చెట్టు నుంచి చెట్టుకు తేలిపోయే పెద్ద ఎగిరే ఉడుత కూడా రెండు కిలోల దగ్గరే ఆగుతుంది. కాబట్టి మన జాతిలో తేలేది పిల్లలే. రెండు కిలోలు దాటిన ఇప్పరెక్క నేల మీదే నడవాలి. దీన్ని లోపం అనుకోకండి, మందను కట్టిపడేసే ముడి ఇదే. పూసిన చెట్టు ఎక్కడుందో పైనుంచి పిల్లలు కనిపెడతాయి, కొమ్మ ఊపి పువ్వు రాలుస్తాయి. కింద పెద్దవి కాపలా ఉంటాయి.

రాత్రికి బాకీ తీరుతుంది. చిన్న ఒళ్ళు త్వరగా చల్లారుతుంది, పెద్ద ఒళ్ళు పగటి ఎండను చాలాసేపు దాచుకుంటుంది. అందుకే పెద్దవి ఒడ్డున ఇసుకరాతి బండ మీద మూతులు లోపలికి పెట్టి గుండ్రంగా పడుకుంటాయి, పిల్లలు మధ్యలో దూరతాయి. అంచున ఉన్న పెద్దది చల్లబడితే పక్కది లేచి చోటు మార్చుకుంటుంది. ఆ మార్పిడిని ఒక్కసారైనా దగ్గర నుంచి రాయండి: పొలుసు పొలుసుకు రాసుకునే గరగర, నిద్రలోనే జరిగే పిల్ల, దాని ముక్కుకు అంటిన పుప్పొడి.

తిండి కేలండర్ కూడా ఒకటి రాసి పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, ఎండలు ముదిరాక తునికి పళ్ళు, వానల్లో లేత ఆకు, చలికాలం రేగు పళ్ళు. చలిలో అరుగుదల మందగిస్తుంది కాబట్టి అప్పుడు మధ్యాహ్నం ఎండలోనే తింటాయి. చలికాలం తెల్లవారుజామున వాటిని పరుగెత్తించారంటే కథ అక్కడే విరుగుతుంది.

పూర్వీకులు కావాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. ఇదే సిరొంచ ప్రాంతంలో పోచంపల్లి దగ్గర బారాపాసారస్ అనే శాకాహార డైనోసార్ ఎముకలు దాదాపు 300 దొరికాయి. అవి కనీసం ఆరు జంతువులవి. 1975లో దానికి పేరు పెట్టారు. అయితే ఎముకలు ఒకచోట దొరికాయని మంద అని తేల్చేయకూడదు, వరద కూడా కళేబరాలను ఒకచోటికి చేరుస్తుంది. మీ కథలో పాత ఎముకల గుట్ట చూపిస్తే, పెద్దవాటి మధ్యలో పిల్లల ఎముకలు ఉంచండి. అప్పుడు అది బండ మీద పడుకున్న మంద అని చదివేవాళ్ళే పోల్చుకుంటారు.

అభ్యాసం: రెండు కిలోలు అప్పుడే దాటిన పిల్ల మొదటిసారి తేలలేక నేల మీద దిగిన పొద్దును 150 మాటల్లో రాయండి. ఆ రాత్రి అది వలయం మధ్యలో పడుకుంటుందా, అంచునా? వచ్చే పాఠంలో వాటి అరుపులు చూద్దాం.