పిల్లల వీపు గూనిగ వంగుతున్నదా? "సక్కగ కూసో" అని అరిస్తె కాదు, ఇట్ల చెయ్యుండ్రి

మిర్యాలగూడల నేను ఇంటికాడనే లేడీస్ టైలరింగ్ చేస్త. పోయినేడు బడి తెరిచే ముందు మా పాపకు తొమ్మిదో తరగతి యూనిఫాం కుడదామని టేపు పట్టిన. మెడ పక్క నుంచి నడుము దాంక ముందు ఒకటి, వెనక ఒకటి కొలత తీస్తం గద, ఆ వయసు ఆడపిల్లలకు రెండు సమానమన్న ఉంటయ్ లేకపోతె ముందు కొంచెం ఎక్కువొస్తది, మా పిల్లకు వెనక ఇంచున్నర ఎక్కువొచ్చింది. తప్పు తీసిన్ననుకొని మల్ల తీసిన, అంతే. పక్కకు తిప్పి నిలబెట్టి చూస్తె మెడ ముందుకొచ్చి, భుజాలు లోపలికి ముడుసుకపోయి, మెడ కింద వీపు గుండ్రంగ లేసి ఉన్నది. ఏడాది సంది నేను "సక్కగ కూసో" అని మొత్తుకుంటనే ఉన్న, అన్నప్పుడు లేస్తది, రెండు నిమిషాలకు మల్ల వంగుతది. బద్ధకం అనుకున్న. నల్లగొండల ఫిజియోథెరపీ మేడం చెప్పినంకనే సమజైంది, వీపు కండలకు బలం లేకపోతె పిల్ల ఎంత అనుకున్నా నిలవదు, ముందల ఛాతీ కండలేమో బిగుసుకపోయి భుజాలను లోపలికి గుంజుతుంటయ్. తిట్టుడుతోని కండకు బలమొస్తదా!

మా అమ్మది మర్రిగూడ దిక్కు, వీపు వంగిందంటె ఆమెకు ముందు ఫ్లోరైడే యాదికొస్తది, ఆ ఊర్లల్ల అట్ల వంగిపోయినోళ్లను చూస్కుంట పెరిగింది పాపం. ఆ గూని వేరు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏండ్ల తరబడి తాగితె బొక్కలు, కీళ్లు బిగుసుకపోయి వస్తది, వ్యాయామంతోని పోదు. మీ బోరు నీళ్ల మీద అనుమానముంటె టెస్టుకియ్యుండ్రి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితె తాగొద్దు.

ముందుగాల మీ పిల్లది ఏ వంపో చూస్కోవాలె. గోడకు ఆనిచ్చి నిలబెట్టుండ్రి, మడిమెలు గోడకు రెండు మూడు ఇంచులు ఇవతల, పిర్రలు, వీపు గోడకు తగలాలె, గదవ పైకి లేపకుండ తల వెనక భాగం కూడ తగలాలె. తల తగుల్తలేదంటె మెడ ముందుకొచ్చినట్టు. తర్వాత నేల మీద ఎల్లెలుకల పండుకోబెట్టుండ్రి. వీపు సాపుగైపోయి, లేసి నిలబడి అనుకున్నప్పుడు నిటారుగ కాగల్గితె అది అలవాటుతోని వచ్చిన వంపు, ఇంట్ల మార్చుకోవచ్చు. పండుకున్నా గుండ్రమట్లనే ఉండి, ముందుకు వంగినప్పుడు పక్క నుంచి చూస్తె ఒక్కకాడ కోసగ లేస్తె అది షూయర్‌మన్ అనే జబ్బు కావచ్చు, అందుల వెన్నుపూసలే ముందు వైపు అణిగి ముక్కోణం లెక్క తయారైతయ్, ఎదిగే వయసుల వస్తది. ఇంకోటి, మోకాళ్లు వంచకుండ కిందికి వంగమని వెనక నుంచి చూడుండ్రి, వీపు ఒక దిక్కు ఎత్తు, ఒక దిక్కు పల్లం ఉంటె వెన్ను పక్కకు వంకర పోయినట్టు. ఈ రెండిట్ల ఏదున్నా ఆలస్యం చెయ్యకుండ బొక్కల డాక్టర్‌కు చూపియ్యుండ్రి.

ఆడపిల్లల సంగతి ఒకటి చెప్త, టైలర్ని గాబట్టి రోజు చూస్త. పన్నెండు పదమూడేండ్ల పిల్లలు కొలతలకొచ్చి భుజాలు ముడుసుకొని నిలబడతరు, "ఆంటీ, జర లూజు పెట్టవా" అంటరు. శరీరం మారుతుంటె సిగ్గుతోని ఛాతీ దాసుకుందామని వంగుతరు, అదే అలవాటైపోతది. పొడుగున్న పిల్లలు కూడ అంతే, దోస్తుల కంటె ఎత్తు కనబడొద్దని వంగుతరు. ఇంట్ల వాళ్లను పొడుగు, లావు అని ఎవ్వరు అనొద్దు, మేనమామలు నవ్వులాటకు కూడ అనొద్దు. సరైన సైజు లోపలి బట్టలు తెచ్చియ్యుండ్రి, తల్లి పక్కన కూసోబెట్టుకొని మంచిగ చెప్పాలె. మా పాపకు సగం మార్పు ఈ మాటల తోటే వచ్చిందని నాకనిపిస్తది.

ఇగ చదువుకునే జాగ. మా పాప మంచం మీద, ఒళ్ల పుస్తకం పెట్టుకొని చదివేది. తలకాయ బరువే నాలుగైదు కిలోలు ఉంటది, ముందుకు వంగిన కొద్ది ఆ బరువంత మెడ, వీపే మొయ్యాలె. కుర్చీ టేబుల్ ఉంటె పాదాలు నేలకు పూర్తిగ ఆనాలె, అందకపోతె కింద పీటనో రెండు ఇటుకలో పెట్టుండ్రి. కింద కూసొని చదివేటోళ్లకు ముందల ఎత్తు పీట, దాని మీద పుస్తకం ఏటవాలుగ, గోడకు వీపు ఆనిచ్చి, పిర్రల కింద మడత పెట్టిన దుప్పటి. ఫోన్ చూస్తె మోచేతులు దేనిమీదన్న ఆనిచ్చి కండ్ల ఎత్తుకు పట్టుకోవాలె. అరగంటకొకసారి లేసి నాలుగడుగులు వెయ్యాలె, ఇది మాత్రం విడిచిపెట్టొద్దు, ఎంత మంచిగ కూసున్నా గంటల కొద్ది ఒక్క తీరుగ కూసుంటె కండ అలిసిపోతది.

వ్యాయామాలు మా ఇంట్ల పొద్దుగాల పదిహేను నిమిషాలు, నేను కూడ చేస్త, మిషన్ మీద వంగి వంగి నాకూ అవసరమే. దర్వాజ చౌకట్టుకు రెండు చేతులు మోచేతుల దాంక ఆనిచ్చి ఒక కాలు ముందుకేసి ఛాతీని ముందుకు తోస్తె రొమ్ము కండలు సాగుతయ్, అరనిమిషం పట్టాలె, మూడు సార్లు. గోడకు వీపు ఆనిచ్చి చేతులు గోడకు రాసుకుంట పైకి, కిందికి, పది సార్లు. గదవను వెనక్కి గుంజి, పైకి కిందికి కాదు, సక్కగ వెనక్కి, అయిదు లెక్కపెట్టేదాంక పట్టుడు పది సార్లు. బోర్ల పండుకొని చేతులు పక్కలకు పెట్టి ఛాతీ కొంచెం లేపి నిలుపుడు, అయిదు లెక్కలు, పది సార్లు.

అన్నిట్ల నాకు నచ్చింది సైకిల్ ట్యూబు. పాతది కోసి కిటికీ ఊసలకు తిప్పి కట్టుండ్రి, ముడి గట్టిగుందో లేదో ముందు మీరే గుంజి చూడుండ్రి. రెండు కొసలు పట్టుకొని మోచేతులు పక్కటెముకలకు ఆనేటట్టు వెనక్కి గుంజి, వెనక రెక్క బొక్కలు రెండు ఒకదానికొకటి దగ్గరికి రావాలె. నేను మా పాప రెక్క బొక్కల నడుమ వేలు పెట్టి "ఈ వేలును నొక్కు" అంట, అప్పుడు సరిగ్గ వస్తది, లేకపోతె భుజాలు చెవుల దాంక లేపి ఉత్తగ చేతులతోని గుంజుతది. పన్నెండు సార్లు, రెండు విడుతలు, రోజు విడిచి రోజు.

బడి బ్యాగు బరువు పిల్ల బరువుల పది శాతం దాటొద్దని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలనే ఉన్నది, అంటె నలభై కిలోల పిల్లకు నాలుగు కిలోలు. కిరాణా దుకాణంల కాంటా మీద పెడితె మాది ఏడు కిలోలొచ్చింది. టైం టేబుల్ చూసి సర్దుకున్నం, రెండు పట్టీలు భుజాలకు వేసుకునుడు నేర్పిన.

రెండు నెలల దాంక ఏం కనబడకపోతె పరేషాన్ కావొద్దు. పదిహేను రోజులకొకసారి అదే గోడ కాడ పక్క నుంచి ఫోటో తీసిపెట్టుండ్రి, రోజు చూసే కండ్లకు మార్పు తెల్వదు. మా పాపకు దసరాకు కొలత తీస్తె ఇంచున్నర తేడా ముప్పావు ఇంచుకొచ్చింది. వీపును గుంజి పట్టే బెల్టుల మీద పైసలు పెట్టకుండ్రి, పని బెల్టే చేస్తుంటె కండకు బలం రాదు. డాక్టర్ రాసిచ్చే బ్రేస్, అంటె వెన్నుకు ఆసరగ ఒంటికి కట్టే గట్టి పట్టీ, వేరే సంగతి, షూయర్‌మన్ ఉన్న ఎదిగే పిల్లలకు అది అవసరం పడొచ్చు.

రాత్రి నిద్రల లేపే నొప్పి, కాళ్లల్ల తిమ్మిరి, నడుస్తుంటె కాళ్లు తడబడుడు, మూత్రం ఆపుకోలేకపోవుడు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గుడు, వీటిల ఒక్కటున్నా వ్యాయామాలు పక్కకు పెట్టి వెంటనే బొక్కల డాక్టర్ తాన చూపియ్యుండ్రి, వెన్నుకు టీబీ వచ్చినా ఇట్లనే మొదలైతది. ఎక్స్‌రే రాస్తె నిలబెట్టి పక్క నుంచి తీస్తరు, పండుకోబెడితె వంపు తక్కువ కనబడతది. మీరు తీసిపెట్టుకున్న ఫోటోలు తోడు పట్టుకపోండ్రి, ఎన్ని నెలల సంది ఎంత వంగిందో డాక్టర్‌కు వాటితోనే తెలుస్తది.