పోర్చుగల్ రైలెక్కే ముందు మాటల జాగ్రత్తలు

• యాప్ నేర్పేది ఏ పోర్చుగీసో ముందు చూసుకోండి. కొన్నిటిలో బ్రెజిల్‌దే ఉంటుంది. రైలుని లిస్బన్‌లో ‘కొంబోయు’ అంటారు, బ్రెజిల్‌లో మాట వేరు.

• టికెట్ మీద ఏ వారం ఉందో రెండుసార్లు చూసుకోండి. ‘సెగుందా’ అంటే రెండోది, అంటే సోమవారం. లెక్క ఆదివారంతో మొదలు. సోమవారం నుంచి లెక్కేసి మంగళవారం వెళ్తే రైలు నిన్ననే పోయుంటుంది!

• బోర్డులో ‘పర్తీదష్’ (Partidas) బయలుదేరేవి, ‘షెగాదష్’ (Chegadas) వచ్చేవి. ‘సుప్రిమీదు’ (Suprimido) కనిపిస్తే రద్దయినట్టే. వీటిని చెవితో కాదు, స్పెల్లింగ్‌తో గుర్తుపట్టాలి.

• థాంక్స్‌కి మగవాళ్లు ‘ఓబ్రిగాదు’, ఆడవాళ్లు ‘ఓబ్రిగాద’ అనాలి. చూడాల్సింది ఎదుటివాళ్లని కాదు, చెప్పేది ఎవరన్నది.

• తలుపు మీద ‘పూష్’ (Puxe) అని ఉంటే ఇంగ్లీష్ ‘push’ అనుకుని నెట్టకండి. లాగమని దానర్థం. నేనైతే దీన్నే మొదట నేర్చుకోమంటాను.