ఇంట్లో వడ్రంగం, 4వ పాఠం: చూపు జోడు మీద సేఫ్టీ జోడు

పోయిన పాఠంలో ఉలికి పదును పెట్టడం చూశాం. వచ్చే పాఠం నుంచి కరెంటు మిషన్లు మొదలవుతాయి కాబట్టి ముందు కళ్ల సంగతి తేల్చుకుందాం. ఈ పాఠం ముఖ్యంగా చూపు కోసం జోడు పెట్టుకునేవాళ్లకి.

"నాకు ఎలాగూ అద్దాలున్నాయిగా" అని చాలామంది ధీమాగా ఉంటారు. చూపు జోడు ఎదురుగా వచ్చే పొట్టును కొంత ఆపుతుంది, అంతే. పక్కలా, కనుబొమ్మల పైనా అంతా ఖాళీయే. ముడి దగ్గర రంపం తగిలి లేచిన పేడు ఎటునుంచైనా రావచ్చు. గాజు లెన్సు అయితే పగిలి ఆ ముక్కలే కంట్లో పడతాయి. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ లెన్సు దెబ్బకు తట్టుకుంటుంది గానీ, ఫ్రేము మామూలుదైతే లెన్సు ఊడి వెనక్కే వస్తుంది.

కాబట్టి దుకాణంలో ఓటీజీ అని అడగండి. చూపు జోడు మీద తొడుక్కునే సేఫ్టీ జోడు అది. అయితే బయల్దేరేముందు స్కేలు తీసుకుని మీ ఫ్రేము కొలవండి: ఒక కాడ మడిచే చోటు నుంచి రెండోదాని దాకా వెడల్పు, లెన్సు ఎత్తు. ఇప్పుడు ఫ్యాషన్‌గా వస్తున్న పెద్ద చదరపు ఫ్రేములు చాలా ఓటీజీల్లో పట్టవు. పవర్ మారకపోతే బీరువాలో పడున్న పాత చిన్న ఫ్రేమును పనికోసం కేటాయించడం మేలు. దానికి పైసా ఖర్చు లేదు.

దుకాణంలో రెండూ పెట్టుకుని, బల్ల మీదికి వంగినట్టు తల దించి అటూ ఇటూ ఊపండి. పైది జారకూడదు, లోపలి జోడుకు తగిలి టకటకమనకూడదు. కనుబొమ్మ మీద, చెంప పక్కన చిటికెన వేలు పెట్టి చూడండి. వేలు సులువుగా దూరితే పేడు కూడా దూరుతుంది. పది నిమిషాలు అలాగే ఉంచుకోండి. ముక్కు మీద, చెవుల వెనక నొక్కేస్తే ఇంటికొచ్చాక దాన్ని మేకుకు తగిలించి మర్చిపోతారు. బైఫోకల్ వాడేవాళ్లు కింది భాగంలోంచి స్కేలు మీది మిల్లీమీటరు గీతలు చదవగలుగుతున్నారో లేదో చూసుకోవాలి.

ఇక గుర్తులు. అమెరికా ప్రమాణం ప్రకారం జెడ్87 పక్కన ప్లస్ గుర్తు ఉండాలి. పావు అంగుళం ఉక్కు గుండును సెకనుకు 150 అడుగుల వేగంతో కొట్టినా నిలిచిందని ఆ ప్లస్‌కు అర్థం. యూరప్ సరుకైతే ఈఎన్ 166, దాంతోపాటు ఎఫ్ అక్షరం వెతకండి. మన దగ్గర కళ్ల రక్షణకు ఐఎస్ 5983 ప్రమాణం ఉంది. డబ్బా మీద అచ్చు వేసి ఉంటే చాలదు, గుర్తు లెన్సు మీదా ఫ్రేము మీదా ఉండాలి. "అన్‌బ్రేకబుల్ సార్" అన్న మాటను నేనైతే లెక్కలోకి తీసుకోను.

డ్రిల్లు, జిగ్‌సా (సన్న బ్లేడుతో కోసే కరెంటు రంపం), చేతి రంపం పనులకు ఓటీజీ సరిపోతుంది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) మీద సాండింగ్, చెక్కలో గాడులు తీసే రూటర్ మిషన్ అయితే సన్నపొడి అడుగునుంచి లోపలికి వస్తుంది. వాటికి ముఖానికి అంటుకునే గాగుల్స్ కావాలి. గాలి రంధ్రాలు నేరుగా కాకుండా మలుపు తిరిగి ఉండే రకం చూసుకోండి. లేత్ మీద కర్ర తిప్పేటప్పుడు ఫేస్ షీల్డ్ తప్పదు, దాని లోపల ఓటీజీ కూడా ఉండాల్సిందే. గడ్డం కింద ఖాళీలోంచి పొట్టు ఎగిరి లోపలికి వస్తుంది మరి. వారంలో ఎక్కువ రోజులు పనిచేసేవాళ్లు పవర్‌తోనే సేఫ్టీ జోడు చేయించుకుంటే ఈ రెండు జోళ్ల గొడవే ఉండదు.

మాస్కు పెట్టుకుంటే రెండు జోళ్ల మధ్యా ఆవిరి పట్టి టెన్షన్ పెడుతుంది. మాస్కు ముక్కు తీగను గట్టిగా నొక్కి, దాని అంచు మీద చూపు జోడు కూర్చోబెట్టండి. యాంటీ ఫాగ్ పూత ఉన్నది కొంటే ఇంకా నయం. లెన్సు మీది పొడిని చొక్కా అంచుతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు కుళాయి కింద కడిగి, మెత్తని గుడ్డతో అద్దాలి. పాలిష్ మరక పడిందని థిన్నర్ మాత్రం పెట్టొద్దు. పాలీకార్బొనేట్ మసకబారి బీటలిస్తుంది.

ఈ వారం అభ్యాసం: రెండు జోళ్లూ పెట్టుకుని పనికిరాని చెక్క మీద పెన్సిల్ గీత గీసి, చేతి రంపంతో ఆ గీత వెంట కోయండి. గీత రెండుగా కనిపించినా, మెడ అతిగా వంచాల్సి వచ్చినా ఆ జోడు మార్చుకోండి. వచ్చే పాఠంలో జిగ్‌సా బ్లేడు బిగిద్దాం. అరంగుళం ప్లైవుడ్ ముక్క, రెండు క్లాంపులు దగ్గర ఉంచుకోండి.