వరద పోయాక మీ బ్యాంకు లెక్కలు ఎలా చూడాలి?

వరద రాగానే అందరూ అడిగేది ఒకటే: బ్రాంచిలోకి నీళ్లొచ్చాయా, లాకర్లు తడిశాయా? గ్రామీణ బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను, నాకు ఆ టెన్షన్ లేదు. బ్రాంచిని కడుక్కోవచ్చు. అప్పిచ్చిన చేలు మునిగితేనే బ్యాంకుకు దెబ్బ.

కాబట్టి ముందు అప్పులు ఎక్కడున్నాయో చూడండి. వ్యాపారమంతా ఒక్క డెల్టాలోనే ఉంటే, ఒక్క వరదకే అందరి వాయిదాలూ ఆగిపోతాయి. 2025 మే 1న నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. గోదావరి జిల్లాల అప్పు, అనంతపురం అప్పు ఒకే పద్దులోకి వచ్చాయి. విలీనంలో నాకు నచ్చింది ఇదే. జిల్లా సహకార బ్యాంకుకు ఆ వెసులుబాటు లేదు.

ఇక మొండి బాకీలు. వరద వచ్చిన ఏడాది లెక్కలు చూసి నిశ్చింతగా కూర్చోకండి. స్వల్పకాలిక పంట రుణం గడువు దాటాక ఇంకో రెండు పంట కాలాలు గడిస్తేనే మొండి బాకీ అవుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ దగ్గర బుడమేరు వాగు ముంచిన వరి మీది అప్పు 2025 మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీటులో మంచి అప్పుగానే ఉంటుంది. పైగా అప్పటి నిబంధనల్లో పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటే రీషెడ్యూల్ చేసే, అంటే వాయిదాల గడువు పెంచే వీలుండేది. రైతుకు అది ఉండాల్సిందే, కాదనను. కానీ ఆ డబ్బు వస్తుందో రాదో తేలడానికి ఏళ్లు పడుతుంది. అందుకే మూడేళ్ల వార్షిక నివేదికలు పక్కపక్కన పెట్టుకోండి. ఇలా గడువు మార్చిన (రీస్ట్రక్చర్ చేసిన) అప్పులు పెరుగుతూ, వాటికి చేసిన ప్రొవిజన్లు, అంటే నష్టం వస్తే పూడ్చడానికి పక్కన పెట్టిన డబ్బు, మాత్రం అక్కడే ఉంటే, మేనేజరుగారిని మొహమాటం లేకుండా అడగండి.

డిపాజిట్లు పెరిగాయని మురిసిపోవద్దు. ఆ వరదలో విజయవాడలో మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది. ఖాతాలో పడ్డ రోజు అదీ డిపాజిటే. మంచం, గ్యాస్ పొయ్యి కొనగానే ఖాళీ.

చివరిగా డిపాజిట్ బీమా. బ్యాంకు మునిగితే మీ డబ్బుకు ఉండే రక్ష ఇది. ఒక బ్యాంకులో ఒకరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. వేర్వేరు బ్రాంచీల్లో వేసినా లెక్క ఒకటే. జిల్లా సహకార బ్యాంకుకు ఈ బీమా ఉంది, ఊళ్లో సొసైటీకి లేదు. పాస్‌బుక్ అట్ట మీద ‘ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం’ అని ఉందేమో చూడండి. పెళ్లికో చదువుకో దాచిన డబ్బు అందులో ఉంటే, గడువు తీరగానే బీమా ఉన్న చోటికి మార్చుకోండి.