ఖొండలైట్‌లో మడత మీద మడత: ఏది ముందో, ఏది తర్వాతో తేల్చడం

విశాఖపట్నం చుట్టూ ఉన్న ఖొండలైట్ (గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలున్న రూపాంతర శిల) కొండల్లో ఒకే బండ మీద రెండు మూడు తరాల మడతలు కనిపిస్తాయి. వాటికి ఎఫ్1 (మొదటి తరం), ఎఫ్2 (రెండో తరం) అని పేర్లు పెట్టాలంటే ఏ మడత దేన్ని వంచిందో చూడాలి. బిగుతుగా ఉంటే పాతది, వెడల్పుగా ఉంటే కొత్తది అనుకోవద్దు. ఒకే దశలో కూడా గట్టి క్వార్ట్‌జైట్ (క్వార్ట్జ్‌తో నిండిన రాయి) పొర ఒకలా, పక్కనున్న మెత్తటి పొర ఇంకోలా ముడుచుకుంటాయి.

ముందు ఫోలియేషన్, అంటే ఖనిజాలు వరుసగా పేరుకుని రాతిలో ఏర్పడిన పలకల్లాంటి తలాలు, పట్టుకోండి. గార్నెట్, సిల్లిమనైట్ పొరల వెంటే మడత మలుపు దాకా వెళ్లండి. ఫోలియేషన్ కూడా మలుపు తిరిగితే ఆ మడత దానికన్నా తర్వాతది. మలుపు దగ్గర పొరలను కోసుకుంటూ అక్షతలానికి (మడతలోని వరుస పొరల మలుపుల గుండా పోయే తలం) సమాంతరంగా పోతే మడతా, ఫోలియేషనూ ఒకే దశవి. ఫోలియేషన్ మధ్యలో, రెక్కలు (మలుపుకు రెండు పక్కలా ఉండే భాగాలు) తెగి చేపగాలంలా మిగిలిన చిన్న క్వార్ట్జ్ మలుపులను వదలకండి. ఎఫ్1కు చాలాచోట్ల మిగిలే సాక్ష్యం అదే.

ప్రతి మడతకూ రెండు రెక్కల స్ట్రైక్ (పొర సమతలంగా సాగే దిశ), డిప్ (పొర వాలే కోణం), హింజ్ (మలుపు గీత) వాలు, దాని దిశ, అక్షతలం కొలవండి. దొర్లిన బండల మీద కొలిచి ప్రయోజనం లేదు. అయస్కాంత ఖనిజం మాగ్నెటైట్ ఉన్నచోట దిక్సూచి ముల్లు పక్కకు లాగుతుంది కాబట్టి బండకు దూరంగా నిలబడి గురి చూసి దిశ తీసుకోండి. సుత్తి దగ్గర పెట్టుకోవద్దు.

ఇప్పుడు తొలి మడతకు ఏమైందో చూడండి. హింజ్ వంగి, అక్షతలం తిన్నగా ఉంటే మడత మీద మడత పడే ఆకారాలను భూగర్భ శాస్త్రవేత్త రామ్సే విభజించిన వాటిలో ఒకటో రకం: గుమ్మటాలు, గుంటలు. రెండూ వంగితే రెండో రకం: నెలవంక, పుట్టగొడుగు ఆకారాలు. అక్షతలం మాత్రమే వంగితే మూడోది: కొక్కేలు.

కన్ను ఆకారపు వలయం కనిపించగానే ఒకటో రకమని రాసేయవద్దు. ఒకే దశలో తీవ్రమైన షియర్‌కు (పొరలు ఒకదానిమీద ఒకటి జారే కోత బలం) సాగి ఒరలా మారిన మడతను, అంటే షీత్ ఫోల్డ్‌ను అడ్డంగా కోసినా కన్నే కనిపిస్తుంది. పక్క ముఖం కూడా చూడండి. ఆ కన్ను గొట్టంలా లోపలికి పోతూ, సాగుదల లినియేషన్ (రాయి సాగిన దిశను చూపే గీతలు) ఆ గొట్టం పొడవునా ఉంటే అది షీత్ ఫోల్డే అయ్యే అవకాశం ఎక్కువ. ఏటవాలు నేల కోసినప్పుడు మామూలు మడత కూడా వలయంలా మూసుకోవచ్చు.

ఫోలియేషన్ పోల్స్‌ను (తలానికి లంబంగా ఉండే గీతలను) సమవైశాల్య నెట్ మీద, అంటే దిశలను చుక్కలుగా గుర్తించే వృత్తాకార గళ్ల పటం మీద, వేయండి. అవి ఒకే గ్రేట్ సర్కిల్ (నెట్ మీద ఒక తలాన్ని చూపే వంపు గీత) మీద పడకపోతే సగటు తీయకండి. హింజ్ దిశ మారేచోట ప్రాంతాన్ని విడగొట్టి, ఒక్కో భాగానికి వేరే నెట్ వేయండి. అరకు వైపు ఎఫ్2 అని రాసింది విశాఖ తీరంలోనూ ఎఫ్2 కావాలని లేదు. రెండింటినీ కలపాలంటే అదే ఫోలియేషన్‌ను మ్యాపులో అక్కడిదాకా అనుసరించాలి, లేదా అందులో పెరిగిన మోనజైట్ (వయసు లెక్కించడానికి వీలైన ఖనిజం) వయసు కట్టించాలి.