తరగతి గోడ మీద మన నాయకుల కాలరేఖ వేయడం ఎలా

ఆగస్టు 15 వస్తోందంటే గుంటూరు, విజయవాడ బడుల్లో నాయకుల ఫొటోలు వరసగా గోడకు ఎక్కుతాయి. వాటి కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ తప్ప పిల్లలకు ఏమీ దక్కదు. ఒక ఊళ్లో జరిగింది పక్క ఊరిని ఎలా కదిలించిందో తెలియాలంటే కాలరేఖే వేయాలి.

22×28 అంగుళాల తెల్ల చార్టులు ఆరు తీసుకుని అడ్డంగా పరవండి. ఒక్కో అతుకు దగ్గర 2 సెం.మీ. ఒకదానిమీద ఒకటి వచ్చేలా అంటిస్తే మొత్తం 416 సెం.మీ. పట్టీ వస్తుంది. ఏడాదికి 8 సెం.మీ. చొప్పున 1901 నుంచి 1947 దాకా 376 సెం.మీ. పోతుంది. మిగిలిన నలభైని రెండు చివరలా చెరి ఇరవైగా వదలండి. అతుకులకు మైదా జిగురు వద్దు, తడికి చార్టు ముడతలు పడి గీత వంకర పోతుంది. గమ్‌స్టిక్ గానీ రెండువైపుల టేపు గానీ వాడండి. పది అడుగుల దూరం నుంచి చదవాలంటే పెద్ద అక్షరాలు అంగుళం ఎత్తు ఉండాలి.

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఈస్టిండియా కంపెనీ కాలపు జమీందారు, ఈ గీత మీదికి రాడు. ఎడమ చివర ఖాళీలో విడిగా పెట్టండి. చింతపల్లి నుంచి వచ్చి అమరావతి పట్నం కట్టించాడు. ఆ కట్టడాల కోసం దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వినప్పుడే బౌద్ధ స్తూపం బయటపడింది. అతణ్ణి స్వాతంత్ర్య యోధుల వరసలో కలిపితే పిల్లలు తప్పు నేర్చుకుంటారు.

అసలు చిక్కు 1921, 22 దగ్గర వస్తుంది. మన ప్రాంతపు పెద్ద ఘట్టాలన్నీ అక్కడే ఉన్నాయి, పట్టీ మీద వాటికి దక్కేది 16 సెం.మీ. మాత్రమే. అందుకని ఇంకో రెండు చార్టులు కలిపి 1921 జనవరి నుంచి 1922 జూన్ దాకా నెలకు 7 సెం.మీ. చొప్పున రెండో పట్టీ వేసి, పెద్దదాని కింద తగిలించండి.

దాని మీద మొదటి కార్డు బెజవాడది: 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని అక్కడే తీర్మానించారు. పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా చూపించిందీ అక్కడే. ఆ కార్డు మీద అశోకచక్రం గీయకండి, అది 1947లో వచ్చింది. వెంకయ్య చూపించినదాంట్లో ఎరుపు, ఆకుపచ్చే ఉన్నాయి; గాంధీగారి సూచనతో తెలుపు చేరాక పైన తెలుపు, మధ్య ఆకుపచ్చ, కింద ఎరుపు, వాటిమీద రాట్నం.

తర్వాతది చీరాల–పేరాల. మున్సిపాలిటీ పేరుతో పన్నులు మోయలేనంతగా పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద సుమారు 13 వేలమంది ఇళ్లు వదిలి ఊరి బయట రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని పదకొండు నెలలున్నారు. ఇది ఒక్క రోజు ఘట్టం కాదు కాబట్టి చుక్క పెట్టొద్దు. ఏప్రిల్ ఆఖరు నుంచి 77 సెం.మీ. పొడవున రంగు కాగితం అతికించండి. ఇంతమంది అన్నాళ్లు నిలబడ్డారన్నది చూడగానే కంటికి ఆనాలి.

1922లో పెదనందిపాడు ఫిర్కా (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) రైతులు శిస్తు కట్టబోమన్నారు, ముందు నిలిచింది పర్వతనేని వీరయ్య చౌదరి. ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్ తగలబెట్టారు, 12న బార్డోలీలో సహాయ నిరాకరణ ఆపేయాలని కాంగ్రెస్ నిర్ణయం, దాంతో ఉద్యమం ఆగింది. ఈ రెండు తేదీల మధ్య దూరం రెండు సెం.మీ. మాత్రమే, కాబట్టి ఒక కార్డు గీతకు పైన, ఒకటి కింద పెట్టి దారంతో కలపండి. ఆ నెల చివరి వారంలోనే పల్నాడులో పుల్లరి (అడవిలో పశువులు మేపుకునేందుకు పన్ను) కట్టనన్న కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు. ఈ కార్డును బార్డోలీ తర్వాతే పెట్టాలి. చాలా చార్టుల్లో ముందు పెట్టేస్తున్నారు. అలా చేస్తే ఉద్యమం ఆపేశాక కూడా అడవి పన్ను మీద పల్నాడు పోరు సాగిందన్న సంగతే పోతుంది.

పక్కన మ్యాపు పెడితే నేటి జిల్లాలు ఒక రంగులో, నాటివి ఇంకో రంగులో గీయండి. చీరాల అప్పట్లో గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల. పల్నాడు 2022లో వేరు జిల్లా అయింది, పెదనందిపాడు మాత్రం ఇప్పటికీ గుంటూరులోనే ఉంది.